అన్నీ తెల్లవే

మార్చి 6, గురువారం

మూడోసారీ ప్లేటు నిండా నీలం బ్యాక్టీరియా చుక్కలే. పత్తి జీన్ దేనిలోనూ ఎక్కలేదు. దాన్ని మోయాల్సిన ప్లాస్మిడ్ ఒక్కటే ఖాళీగా బ్యాక్టీరియాలోకి పోయి కూర్చుంది. పదిహేనో తేదీకి జీన్ ఎక్కిన క్లోన్ చూపించకపోతే ప్రాజెక్టు మా ల్యాబ్‌లోనే ఉన్న షాలినికి ఇస్తామని గైడ్ అరుణకుమారి మేడం చెప్పేశారు. రెండేళ్ల పని నాది. ఏడుపొస్తోంది.

మార్చి 7, సాయంత్రం 5.50

రోజా ఉపవాసం ఉండి నంద్యాల ఎండలో తిరిగితే నోరు పిడచగట్టుకుపోయింది. ఇఫ్తారు వేళ దాటకూడదని గబగబా కొత్త ప్లేట్లు వేసి ఇంక్యుబేటర్లో పెట్టాను.

మార్చి 8, ఉదయం

అన్నీ తెల్లవే! నీలం ఒక్కటీ లేదు. తెలుపంటే జీన్ ఎక్కినట్టే. మేడంకు ఫోటో పంపాను. ఇంటికి ఫోన్ చేశాను. మా ఊరు ఆళ్లగడ్డకు బస్సెక్కుతున్నా.

అదే రోజు, ఇఫ్తారుకు ముందు

నాయన పరుపులు కుడతాడు. దూది కూరుతూనే నా పనేందని అడిగాడు. ప్లాస్మిడ్ ఆటో, జీన్ ప్యాసింజర్ అన్నాను. యాంటీబయాటిక్ చెక్‌పోస్టు లాంటిది, ఆటో లేని బ్యాక్టీరియాను చంపేస్తుంది. ఇక ఆటోలో మనిషి ఉన్నాడో లేడో తెలియాలంటే ప్లేటుకు ఎక్స్-గాల్ అనే రసాయనం పూయాలి, ఖాళీదైతే నీలమవుతుంది అని చెబుతూ ఆగిపోయాను.

నేను అది పూయలేదు. ట్యూబు ఫ్రీజర్లోనే ఉంది. పూయకపోతే ఖాళీవీ తెల్లగానే ఉంటాయి.

అప్పుడే అమ్మ ఖాళీ గిన్నెతో వచ్చింది. మా అఫ్రీన్ గెలిచిందని వీధంతా ఖీర్ పంచేసిందట.

మార్చి 9

నోరు మూసుకుంటే కొన్నాళ్లు ఎవరికీ తెలియదు. పొద్దున్నుంచీ ఇదే ఆలోచన. సిగ్గేస్తోంది. చివరికి నాయనతో చెప్పాను. ఆయన సూది పక్కన పెట్టాడు.

“పైగుడ్డ సూసి ఎవురన్నా మెచ్చుకుంటారు. కుట్టు ఇప్పితేనే లోపల దూదుందో చెత్తుందో తెలిసేది. పోయి చెప్పుమ్మా.”

మార్చి 10

చెప్పాను. గడువు మాత్రం మారదన్నారు మేడం. షాలిని వచ్చి ఫ్రీజర్లోంచి ఎక్స్-గాల్ తీసి నా టేబుల్ మీద పెట్టి పోయింది.

మార్చి 12

మళ్లీ నీలం.

మార్చి 14, ఉదయం 7.10

నలభై రెండు నీలం. అంచున ఒక్క తెల్లది.

రేపు దాని ప్లాస్మిడ్‌ను కోసి, లోపల జీన్ ఉందో లేదో చూస్తాను. కుట్టు విప్పేదాకా అమ్మకు చెప్పను.