ఫ్లెక్సీ మీద పట్నం

చౌటుప్పల్,
మంగళవారం

నాయినా,

నీ బిడ్డ నిరోష దండాలు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. కోపంలో నువ్వు మరిచిపోయిన డోలు కట్టెను, ఈ ఉత్తరాన్ని సెలవు మీద కోస్గి వస్తున్న గోపయ్య మామకిచ్చి పంపుతున్నాను. తమ్ముడు నరేశ్ చదివి వినిపిస్తాడు. మధ్యలో లేచిపోకుండా చివరిదాకా విను. కథ సగంలో ఆపితే అరిష్టమని చెప్పేది నువ్వే కదా.

ఊరూరి కళాకారులను పిలిచి కళల జాతరలు జరిపించే పని పెట్టుకున్నాను. వచ్చే ఆదివారం నా మొదటి జాతర. కరపత్రాల మీద పెద్దక్షరాలతో ఉన్నది నీ పేరే: గాలయ్య ఒగ్గు కథ. నువ్వు రాకపోతే, కన్నతండ్రినే రప్పించలేనిది ఇంకెవర్ని పిలుస్తుందని నవ్వుతారు. ఇక నాకు రెండో జాతర ఉండదు.

మొన్న హాలు చూడటానికి వచ్చి నువ్వు అలిగింది ఆ ఫ్లెక్సీ మీదే కదా. వేదిక మీద రంగులు పోస్తే బండలు పాడవుతాయని ఫంక్షన్ హాలు యజమాని అడ్డం పడ్డాడు. కథకు ముందు నువ్వు పసుపు, కుంకుమ, పిండితో నేల మీద వేసే పట్నం ముగ్గును నేను ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి పరిచాను. మహా తెలివైన పని చేశాననుకున్నాను! నువ్వు చెప్పులు విడిచి, కాలి బొటనవేలితో దాన్ని రుద్ది చూశావు. "పట్నం ఏసేదే కథ ఒడిశినంక తొక్కి చెరపనీకి. గిది చెరుగుతదా? చెరగని పట్నం మీదికి దేవుడెట్ల వస్తడే?" అన్నావు. అందరి ముందే డోలు సంచిలో పెట్టుకొని బస్సెక్కావు.

ఫ్లెక్సీ తీసేశాను. కానీ నాయినా, నా కడుపులో ఉన్నది కూడా ఇవాళ చెప్పేస్తాను. గొర్రెపిల్లలను కాస్తూ నీ కథంతా నేర్చుకున్నది నేను. నువ్వు డోలు వేసింది నరేశ్ మెడలో. వాడు వద్దని ఏడ్చినా వాడికే వేశావు. నేనడిగితే "దేవుని డోలు ఆడివిల్ల మోసేది గాదు" అన్నావు. ఆ మాట నాకిప్పటికీ మండుతూనే ఉంది. డోలు దక్కలేదు, కనీసం వేదికైనా నాది కావాలనే ఈ పనిలో దిగాను.

అందుకే ముందే చెబుతున్నాను. ఆదివారం నువ్వు రాకపోతే కథ నేనే చెబుతాను. కులపోళ్లు ఏమన్నా పడతాను. ఇంకొకరు చెబితే నీకు తెలియడం కన్నా నా నోటితో తెలియడం మేలని రాశాను.

నీ మొండి బిడ్డ,
నిరోష

---

కోస్గి,
గురువారం

బిడ్డా నిరోషా,

నేను చెప్తున్న, నరేశ్ రాస్తుండు. నీ ఉత్తరం సదువుకుంట వీడు ఏడిశిండు. "డోలు అక్కకే ఇయ్యి నాయినా" అన్నడు. నేను బయటికి పోయి గొర్ల కాడ శానసేపు కూసున్న. నలుగురేమంటరో అని అప్పుడు భయపడ్డ బిడ్డా. దేవుని పేరు జెప్పి నా భయం దాసుకున్న.

హాల్ల మాత్రం కథ ఒద్దు. హాలు ముంగట బండ్లు నిలిపే మట్టిజాగ ఉన్నది గదా, గాడ జర పెండతోని అలుకు సల్లిపియ్యి. పసుపు కుంకుమ నేను తెస్త, పట్నం నేనేస్త. కథ నువ్వు జెప్పు. ఎన్క నిలవడి వంత నేను పాడుత. కులపోళ్లు అడిగితె నన్ను అడగమను. కట్టె మళ్ల గోపయ్యకే ఇచ్చి పంపుతున్న. అది నీ దగ్గర్నే ఉంచుకో.

మందెంబడి నువ్వు పాడుతాంటె నేను ఎన్నిసార్లు ఎన్క నిలవడి ఇన్ననో నీకెర్క లేదు. మంచిగనే పాడుతవు గని, దేవుని లగ్గం కాడ ఒక్క వరుస ఎప్పుడూ తప్పుతవు. శనివారం పొద్దుగాల్నే వస్తున్న. గది దిద్దుకుందాం.

మీ నాయిన,
గాలయ్య