చాచా చిట్టీ మీద తేదీ

సైదాబాద్,
శనివారం మధ్యాహ్నం

అక్కా,

నేను బాగానే ఉన్నాను. ముందు ఆ మాట చదివి స్థిమితపడు, మిగతాది తర్వాత చదువుదువుగాని. అమ్మ మోకాలు ఎలా ఉంది? బావగారి దగ్గు తగ్గిందా? చిట్టిగాడు ఇంకా గోడసున్నం గీరుకు తింటున్నాడా? నేను వేళకే తింటున్నాను. హాస్టల్ సాంబారు అలవాటైపోయింది, రంగు చూడకుండా తింటే బాగానే ఉంటుంది. ఎండలు మాత్రం మన రేపల్లె ఎండల్లాంటివి కావు. చెమట కూడా పట్టనివ్వవు, నేరుగా మాడు మీద కూర్చుంటాయి. అయినా బాగానే ఉన్నాను.

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. నాన్నకి ఏం చెప్పాలో చివర్లో రాస్తాను.

మా ప్రెస్సు చార్మినార్ వెనక గాజుల దుకాణాలు దాటాక వచ్చే సందులో అని రాశాను కదా. పెళ్లికార్డులు అచ్చు వేస్తారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు తమ ఇంటి పెళ్లికి అక్కడినుంచే ఇంటర్నెట్‌లో కార్డు ఎంచుకుని, బ్యాంకు కార్డుతో అక్కడే కట్టేస్తారు. ఆ సైటు నడిచే సర్వర్‌ని చూసుకోవడమే నా ఉద్యోగం. అది ఉన్న గదికే ఏసీ ఉంది కాబట్టి ప్రెస్సులో అందరికీ ఆ గదిలో ఏదో ఒక పని తగులుతూ ఉంటుంది.

పోయిన శనివారం మొదలైంది. పొద్దున ఏడున్నర నుంచి పది దాకా ఎవరు డబ్బు కట్టబోయినా, సురక్షిత కనెక్షన్ కుదరలేదని వచ్చి ఆగిపోతోంది. గల్ఫ్‌వాళ్లు డ్యూటీకి వెళ్లే ముందు కూర్చునే వేళ అదే. నేను బస్సు దిగి పదిన్నరకి వచ్చి చూస్తే అంతా బాగానే ఉంటుంది. నా ముందు ఒక్కసారి కూడా తప్పు చెయ్యదు. పంతులమ్మ రాగానే చేతులు కట్టుకునే పిల్లలాగా.

"ఏంది మేడం, మల్ల గదే లొల్లా?" అని రోజూ అడిగేవాడు యాదగిరి. అచ్చు మిషన్ అతనిదే, ఛత్రినాక నుంచి సైకిల్ మీద వస్తాడు. "మీరొస్తె మంచిగుంటది. మీరు లేకుంటె ఖరాబైతది. మీ ఫోటో ఒకటి దానికి అంటిస్తె సరిపాయె."

నవ్వొచ్చే రోజులు కావక్కా. మా యజమాని రహీం సాబ్ సోమవారం నన్ను పిలిచారు.

"నాకు నీ సర్టిఫికెట్లు గిర్టిఫికెట్లు సమజ్ కావమ్మా. దుబాయ్ నుంచి మా బామ్మర్ది ఫోన్ చేసి తిడుతుండు. గురువారం దాంక టైం. కాకుంటె సైటు అమీర్‌పేట కంప్యూటరోళ్లకు ఇచ్చేస్త. నీ మూడు నెల్లు గూడ గురువారానికే అయితయ్ కదా?"

అవును. ఉద్యోగం ఖాయం చేసేదీ, పంపించేసేదీ ఆ రోజే.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. మా సర్వర్ బ్యాంకు కంప్యూటర్‌తో మాట్లాడే ముందు అది తన సర్టిఫికెట్ చూపించాలి. మన బస్సు పాసులాంటిదే, ఏ రోజు నుంచి ఏ రోజు వరకు చెల్లుతుందో దాని మీద ఉంటుంది. సరిగ్గా లేకపోతే మా సర్వర్ మాట కలపదు. బ్యాంకు వాళ్లు ఈ మధ్యే పాత సర్టిఫికెట్ తీసి కొత్తది పెట్టారు. దాంతో తప్పు వాళ్లదేనని నిశ్చయించేసుకున్నాను. బొంబాయిలో వాళ్ల మనిషికి రెండు రోజుల్లో ఆరుసార్లు ఫోన్ చేశాను. నా మాట నమ్మి రహీం సాబ్ కూడా ఫోన్ లాక్కుని ఉర్దూలో దులిపేశారు. ఆ మనిషి మాత్రం, మా వైపు అంతా సరిగానే ఉంది మేడం అని ఒక్కటే పాట.

మంగళవారం రహీం సాబ్‌కి ఎవరో సలహా ఇచ్చారు. "ఆ పాసు చూసుడే బంద్ చెయ్. చూడకుంటె ఆపదు కదా?" అన్నారు నాతో.

అలా చెయ్యొచ్చక్కా, ఒక్క లైను మారిస్తే చాలు. కానీ అప్పుడు బ్యాంకు పేరు చెప్పుకుని మధ్యలో ఎవడు నిలబడ్డా మా సర్వర్ జనం కార్డు నంబర్లు వాడి చేతిలో పెట్టేస్తుంది. చెయ్యనన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి, "గురువారం" అని ఒక్క మాట అని వెళ్లిపోయారు.

బుధవారం మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాక సర్వర్ ముందే కూర్చున్నాను. అది ఏ రోజు చేసిన పనుల్ని ఆ రోజు తేదీతో వేరే ఫైల్లో రాసుకుంటుంది. నేను ఇన్నాళ్లూ ఏ రోజుకారోజు ఫైలే తెరుస్తున్నాను, తప్పులేమీ కనబడటం లేదు. ఆ రోజు ఊరికే పాతవి దొర్లిస్తుంటే ఫిబ్రవరిలో ఒక ఫైలు మిగతావాటికి నాలుగింతలుంది. తెరిస్తే వరసగా ఒకటే వాక్యం: బ్యాంకు సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదు.

అంటే పొద్దున్నే ఎవరో సర్వర్ గడియారాన్ని ఫిబ్రవరికి తిప్పుతున్నారు. ఫిబ్రవరిలో ఉన్నాననుకునే సర్వర్‌కి మే నెలలో ఇచ్చిన పాసు ఎలా చెల్లుతుంది? పాతదైతే రెండు తేదీల్లోనూ చెల్లేది, కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. ఇదివరకు పొద్దుటి ఆర్డర్లు ఒకటీ అరా పాత తేదీతో వచ్చేవి. గల్ఫ్ టైము తేడా అనుకుని ఊరుకున్నాను. గల్ఫ్‌కీ మనకీ మూడు నెలల తేడానా? డిగ్రీ చదివిన దాన్ని.

వెంటనే రహీం సాబ్ దగ్గరికి వెళ్లి, ఎవరో గడియారంతో ఆడుతున్నారు, రేపు పొద్దున్నే వచ్చి పట్టుకుంటానన్నాను. గెలిచినట్టే చెప్పాను. ఆయన బల్ల మీద చరిచి, "ఎవడైనా సరే, జబాన్ ఇస్తున్న, గేటు బయటికే!" అన్నారు.

గురువారం మొదటి బస్సుకే బయల్దేరాను. గాజుల దుకాణాలు ఇంకా తెరవలేదు, సందు అంతా నీళ్లు చల్లి ఊడ్చిన వాసన. యాదగిరి షట్టర్ ఎత్తుతున్నాడు. ఏసీ గదిలో తలుపు పక్కన నిలబడ్డాను.

వచ్చింది ఖాదర్ చాచా.

చాచా గురించి నీకు రాశాను. ఉర్దూ కార్డులు రాసే కాతిబు. నలభై ఏళ్లుగా ఖలంతో రాశారు, ఇప్పుడు చెయ్యి వణుకుతోందని కంప్యూటర్ మీద రాస్తున్నారు. రోజూ తన డబ్బాలోంచి నాకొక ఎండు ఖుబానీ పండు పెట్టే మనిషి. ఆయన కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని, బిస్మిల్లా అని, జేబులోంచి తీసి ముందు పెట్టుకున్న చిట్టీ చూస్తూ ఒక్కొక్క అంకే నొక్కారు. సర్వర్ ఫిబ్రవరికి వెళ్లిపోయింది.

"చాచా, ఏం చేస్తున్నారు?"

ఆయన ఉలిక్కిపడలేదు. సంతోషంగా నవ్వారు. "ఇయ్యాల జల్దీ వచ్చినవ్ బేటీ! నువ్వు నేర్పిందే చేస్తున్న. నువ్వొచ్చే లోపల మల్ల సీదా చేసి పెడ్త, ఒక్క దినం మర్చిపోలే."

వంగి చిట్టీ చూశాను. అంకెలు నావి. నేను ఏడుకి అడ్డగీత పెడతానని నాన్న ఎన్నిసార్లు విసుక్కున్నారు! ఆ అడ్డగీత ఉంది అక్కడ. అప్పుడు గుర్తొచ్చింది. నేను చేరిన కొత్తలో చాచా కంప్యూటర్ పాడైతే ఆయన ఉర్దూ ప్రోగ్రాం సర్వర్‌లోకి ఎక్కించింది నేనే. అది ముప్ఫై రోజుల నమూనా. గడువు అయిపోయి తెరుచుకోవడం లేదని ఆయన బాధపడితే, తేదీ వెనక్కి తిప్పితే తెరుచుకుంటుంది చాచా అని, ఫిబ్రవరి తేదీ ఒకటి రాసిచ్చిందీ నేనే. కాలేజీలో అందరం చేసే పనే. రాసిచ్చి మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు.

సంగతి చెప్పాను. చాచా మొహం తెల్లబడింది. గుమ్మంలో యాదగిరి అంతా విన్నాడు.

"చిట్టీ చింపెయ్ మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవలు చూసిండ్రు? కరెంటు పోయి గడియారం ఖరాబైందని చెప్పు. అయిపాయె."

నిజం చెప్తున్నానక్కా, చిట్టీ చేతిలోకి తీసుకున్నాను. రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాను కూడా. అంతలో బయట రహీం సాబ్ స్కూటర్ ఆగింది.

"దొరికిండా?" అంటూనే వచ్చారు.

"దొరికింది సార్. నేనే," అని చిట్టీ ఆయన చేతిలో పెట్టాను. మొత్తం చెప్పాను. బ్యాంకువాళ్ల తప్పు ఏమీ లేదని కూడా చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"రెండు దినాలు వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టిన నేను! నీ మాట మీద!"

చాచా లేచి నిలబడ్డారు. "సేఠ్, తిప్పింది ఈ చేతులు. మీ అబ్బాజాన్ కాలం నుంచి ఈ చేతులే. పంపాల్నంటె నన్ను పంపు. పోరి కొత్తది."

రహీం సాబ్ చిట్టీని అటూ ఇటూ తిప్పి చూశారు. చివరికి, "ఇద్దర్ని పంపితె కార్డులు నేను రాయాల్నా?" అన్నారు. నాకేసి తిరిగి, "ఫోన్ తియ్. బొంబాయికి కలుపు. నా ముందట మాఫీ అడుగు," అన్నారు.

అడిగాను. అవతలి మనిషి, ఇలా చెప్పేవాళ్లు తక్కువ మేడం అన్నాడు. ఆ మాటకి ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు.

ఉర్దూ ప్రోగ్రాం సర్వర్‌లోంచి తీసేశాను. గడియారం సరిచేసి, దాన్ని ఇంకెవరూ కదపకుండా కట్టుదిట్టం చేశాను. ఈ పొద్దున పది లోపల మూడు ఆర్డర్లు వచ్చాయి, మూడూ సరైన తేదీతో. చాచాకి ఆ ప్రోగ్రాం అసలు కాపీ కొని తెప్పిస్తానన్నారు రహీం సాబ్. అది వచ్చేదాకా ఆయన మళ్లీ ఖలం పట్టారు. కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని రాస్తున్నారు. ఒక కార్డుకి పూట పడుతోంది. నేను అటు చూడలేక స్క్రీన్ చూస్తూ కూర్చుంటున్నాను. ఖుబానీ మాత్రం ఇవాళా పెట్టారు.

ఇక నా సంగతి. "పర్మనెంటు లేదు, గిర్మనెంటు లేదు. ఇంకో మూడు నెల్లు చూస్త," అన్నారు రహీం సాబ్. అంతే.

నువ్వు పోయిన ఉత్తరంలో రాశావు, ఉద్యోగం ఖాయమైందని నాన్నతో ముందే చెప్పేస్తాను, నన్ను పంతులమ్మని చెయ్యాలని ఆయన తెచ్చిన బీఎడ్ ఫారం గొడవ వదిలిపోతుందని. నా మీద ప్రేమతోనే రాశావు. నేనూ చాచా మీద ప్రేమతోనే రాసిచ్చాను ఆ చిట్టీ. చెప్పకక్కా. ఖాయం కాలేదని చెప్పు, ఎందుకు కాలేదో కూడా చెప్పు. ఏడు అడ్డగీత దగ్గర ఆయన నవ్వుతారేమో చూడు. ఫారం నింపుతానంటే నింపనీ, నా సంతకం చోటు మాత్రం మూడు నెలలు ఖాళీగా ఉంచమను.

ఎవరైనా ఇటు వస్తుంటే చింతకాయ పచ్చడి, నా నీలం నూలుచీర పంపు. కవర్లో చిన్న కార్డుముక్క ఉంది, చిట్టిగాడి పేరు చాచా ఉర్దూలో రాసిచ్చారు. గీతలు కాస్త వణికాయి. పారేయకు.

అమ్మకీ నాన్నకీ బావగారికీ నా నమస్కారాలు. మామ్మ పాదాలు నా బదులు నువ్వు ముట్టుకుని, ఆవిడ దీవెన నాకు పంపు. ఈసారి గట్టిగానే కావాలి.

నీ చెల్లెలు
సుజాత