ముక్క లేని గిన్నె

చిన్న చెల్లెలు యీషీకి,

అక్క దుమా ఆశీస్సులు. ఈ ఉదయం పొయ్యి పక్క రాతి మీద నీ పేర పైన్ కొమ్మ వెలిగించి, కాసేపు కళ్ళు మూసుకున్నాను.

నీ ఉత్తరం బస్సు డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. అమ్మకు రక్తపోటు బాగా పెరిగిందనీ, తగ్గకపోతే పక్షవాతం వస్తుందనీ ఇక్కడి డాక్టరు అన్న మాట నీకు రాశాను. నువ్వు కంగారు పడలేదు, నన్ను తప్పు పట్టలేదు. మన ఎండుపందిలో ఏమేమి ఉన్నాయో విడమరిచి రాశావు. ఎముకలు తీసేసి, ఉప్పూ మిరియాలూ రుద్ది, పొట్ట కుట్టేసి, సామాన్ల గదిలో ఏళ్ళ తరబడి పేర్చి ఉంచే పందిని నేను ఎప్పుడూ పైనుంచే చూశాను. నువ్వు దాని లోపలికి వెళ్ళి చూసి వచ్చినట్టు రాశావు. సగానికి పైగా కొవ్వు. మాంసకృత్తులు నూటికి పదో పన్నెండో పాళ్ళు. రక్తానికి కావలసిన ఇనుము కొద్దిగా, నరాలకు మేలు చేసే బి విటమిన్ కొద్దిగా. పీచు లేదు. సి విటమిన్ లేదు. ఉప్పు మాత్రం, అరచేయంత ముక్కలో ఒక మనిషికి రోజంతటికీ సరిపోయేంత.

ఆ కొవ్వు గురించి రాసిన మాట చదివి నవ్వుకున్నాను. చలికాలంలో సరస్సు మీద పడవ వేసేవాళ్ళకు, కొండ మీద కట్టెలు కొట్టేవాళ్ళకు అంత చిన్న ముక్కలో అంత శక్తి ఇచ్చే తిండి నువ్వు పని చేసే ఆసుపత్రి వంటశాలలో ఒక్కటీ లేదన్నావు. పెద్దవాళ్ళు దీన్ని ఎలా కనిపెట్టారో అని ఆశ్చర్యపోయావు. నాకు నిన్ను చూస్తే ఆశ్చర్యం. పొయ్యి దగ్గర నా ఒళ్ళో నిద్రపోయిన పిల్లవు, ఇంత చదివావు.

అయితే అమ్మ ఇప్పుడు పడవ వేయడం లేదు. అందుకని ఈ పూట నుంచి ఆమె గిన్నెలో ముక్క వేయను. నువ్వు చెప్పినట్టే గుడ్డు, సోయా పెరుగు పెడతాను. పీన్‌ఛో మామయ్యకూ తమ్ముడు ఆసాకూ సంగతి తెలుసు. అమ్మకు కారణం చెప్పలేదు. పక్షవాతం మాట వింటే ఆ భయంతోనే మంచం పడుతుంది.

నీ అక్క,
దుమా


యీషీ తల్లీ,

నువ్వు చెప్పినట్టే జరిగింది. డాక్టరు మళ్ళీ చూసి, రక్తపోటు దిగిందన్నాడు. నేను దేవత కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. కానీ అమ్మ తినడం మానేసింది.

మొదట గుడ్డు పిల్లికి పెట్టింది. తర్వాత జొన్నరొట్టె కూడా వద్దంది. వెన్న టీ ఒక్కటే తాగుతుంది, అదీ బతిమాలితే. మణికట్టు మీది వెండి కడియం మోచేతి దాకా జారుతోంది. పంటి నొప్పేమో అని చూశాను. గొంతు చూశాను. ఏమీ లేదు. అడిగితే, "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంది. నీకు తెలుసుగా, అమ్మ నోట్లోంచి మాట లాగడం కంటే ఊబిలోంచి గేదెను లాగడం తేలిక.

నిన్న అందరం భోజనానికి కూర్చున్నాం. అమ్మ పొయ్యికి పైవైపు ఉన్న తన చోటు వదిలేసి, గుమ్మం పక్కన, చుట్టాలు కూర్చునే చాప మీద కూర్చుంది. మామయ్య ఊరుకుంటాడా?

"ఏమక్కా, చుట్టపుచూపుగా వచ్చావా మా ఇంటికి? ఎన్నాళ్ళుంటావు?"

"చుట్టాన్నైనా బాగుండేదిరా పీన్‌ఛో. చుట్టానికైతే ముక్క పెడతారు."

ఆసా గిన్నె కింద పెట్టేశాడు. నాకు అప్పుడు తెలిసింది. మన ఇంట్లో పంది కోసేది ఇంటి పెద్ద. ముక్కలన్నీ ఒకే కొలత. పళ్ళు రాని పసివాడికీ ఒకటి, జ్వరంతో పడుకున్నవాడికీ ఒకటి. తింటారా, పక్కవాడికి ఇస్తారా, అది వాళ్ళిష్టం. గిన్నెలో ముక్క పడనిది ఇంటి లెక్కలోంచి తీసేసినవాళ్ళకే. నేను ఉప్పు తీసేశాను అనుకున్నాను. అమ్మేమో నేను తన పేరే తీసేశానని అనుకుంది. అలా అనుకుని కూడా ఒక్క మాట అడగలేదు. ఇంటి పెద్దరికంతో పాటు కత్తి నా చేతికి ఇచ్చిన రోజు నుంచి నా కోతను ప్రశ్నించలేదు, ఇప్పుడూ ప్రశ్నించలేదు. లేచి, చుట్టాల చాప మీదికి వెళ్ళి కూర్చుంది. ఆ నిబ్బరం నాకు ఏ జన్మకు వస్తుంది?

నేను ఆమె ముందు కూర్చుని ఉప్పు సంగతి, పక్షవాతం సంగతి, నీ కాగితం సంగతి అంతా చెప్పాను. విన్నది.

"యీషీ తెలివైనది. మీరంతా తినండి" అంది. చాప మీద నుంచి మాత్రం లేవలేదు.

ముక్క పెడితే రక్తపోటు. పెట్టకపోతే ఆకలితో పోతుంది. ఈ ముడి విప్పడం నాకు తెలియదు. నీ చదువులో చూడు. త్వరగా రాయి. జపమాల తిప్పుతూ ఉంటాను.

నీ అక్క,
దుమా


నా బంగారు యీషీకి,

నీ జవాబు అందింది. అమ్మ తింటోంది. ముందు ఆ మాట రాస్తే నీ గుండె కుదుటపడుతుందని రాశాను.

నువ్వు చెప్పినట్టే ముక్కను రాత్రంతా నీళ్ళలో నానబెట్టాను. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, ఉడకబెట్టి, ఆ నీళ్ళూ పారబోశాను. ఉప్పు చాలావరకు నీళ్ళతో పోతుందని, మాంసకృత్తులూ కొవ్వూ ముక్కలోనే ఉంటాయని రాశావు. నాలుక మీద పెట్టుకుని చూశాను, నిజమే. పలుచగా కోసి, ముల్లంగి ఆకుతో కలిపి వండాను. ఒక్క పని మాత్రం నువ్వు చెప్పనిది చేశాను. అమ్మకు ఒక రకం, మాకు ఒక రకం చేయలేదు. అందరికీ అదే ముక్క, అంతే పలుచన.

మామయ్య తన ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. "దుమా, ఇందులోంచి సరస్సు అవతలి ఒడ్డు కనిపిస్తోందే! దీన్ని నమలాలా, చదవాలా?"

"నోరు మూసుకుని తిను మామయ్యా. నీ పొట్టకూ ఇదే మంచిది" అన్నాడు ఆసా.

"పంది పోయింది, ఉప్పు పోయింది, ఇక మిగిలింది నా పొట్టేనా మీ కళ్ళకు!"

అమ్మ గుమ్మం దగ్గర నుంచి అందరి గిన్నెలూ ఒక్కొక్కటే చూసింది. లేచి వచ్చి తన చోట కూర్చుంది. ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. "చప్పగా ఉంది" అంది. ఇంకో రొట్టె అడిగింది.

గిన్నె ఖాళీ అయ్యాక చెయ్యి చాపింది. "దుమా, కత్తి ఇలా తే."

ఇచ్చాను. సామాన్ల గదిలోకి నడిచింది. అన్నిటికంటే పాత పందిని దింపించి, కత్తిని చుట్టూ తిప్పి ఒక ముక్క కోసింది. పలుచగా కోయలేదు.

"ఇదెవరికమ్మా?" అన్నాను.

"యీషీకి."

మామయ్య తల గోక్కున్నాడు. "ఆ పిల్ల మన ఆడపిల్లల్లా పుట్టింట్లోనే ఉండకుండా పెళ్ళి చేసుకుని పరాయి ఇంటికి పోయింది కదక్కా. దాని భాగం నువ్వే ఆపావు గదా?"

"ఆపింది నేనే. పెడుతున్నదీ నేనే. ముక్క లేని గిన్నె ఎలా ఉంటుందో తెలియక ఆపాను. ఇప్పుడు తెలిసింది. నీకు తెలుసుకోవాలని ఉందా?"

మామయ్య గబగబా తన గిన్నె వెనక్కి దాచుకున్నాడు.

చెల్లీ, నువ్వు వెళ్ళిన తర్వాత ఎన్నడూ నీ భాగం మాట ఎత్తలేదు. ఒక్క ఉత్తరంలోనూ నొప్పి రాయలేదు. భాగం లేని ఇంటి కోసం కూర్చుని ఉప్పూ కొవ్వూ తూచి, అమ్మను బతికించావు. నీకు ఆ నిబ్బరం ఎక్కడిదో ఇప్పుడు నాకు తెలుసు.

ముక్క గుడ్డలో కట్టి డ్రైవరుకు ఇచ్చాను. నానబెట్టకుండా తినకు. మీ ఆయనకు ఇది కానుక అని చెప్పకు, భాగం అని చెప్పు. ఇకపై పంది కోసినప్పుడల్లా నీది తీసి పెడతాను. బస్సులో తెప్పించుకుంటావో, వచ్చి పొయ్యి దగ్గర కూర్చుని తింటావో నీ ఇష్టం. అమ్మ అయితే తన పక్కన చాప అప్పుడే పరిచేసింది.

నీ అక్క,
దుమా