నా పేరుతో బస్సెక్కే పిల్ల

అబూ హలీఫా, కువైట్
ఆగస్టు నెలాఖరు, 1990

పూజ్యురాలైన అక్కకు,

నీ చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం అనే మాట లేకుండా ఉత్తరం మొదలుపెడితే నువ్వు మొదటి లైనుకే ఏడుస్తావు కాబట్టి ముందు ఆ మాట రాసేస్తున్నాను. ప్రాణాలతో ఉన్నాం. అమ్మ, నాన్న, నేను, క్లేర్, నలుగురం ఉన్నాం. బావ ఎలా ఉన్నాడు? బుజ్జిగాడికి దగ్గు తగ్గిందా? మీ దగ్గర్నుంచి ఒక్క కబురు లేదు. ఫోన్లు పోయాయి, టపా లేదు. ఈ ఉత్తరం అమ్మ వెంట తీసుకెళ్లి జోర్డాన్‌లో పోస్టు చేస్తుంది. అవును, అమ్మ వస్తోంది. రేపు పొద్దున్నే బస్సు. నేను రావడం లేదు. ఎందుకో చెబుతాను, కంగారుపడకుండా చివరిదాకా చదువు.

క్లేర్ సంగతి నీకు చెప్పాను కదా. పోయినేడాది మా హైదరాబాదు కాలేజీవాళ్లు నన్ను ఫ్రాన్సులో చదువుకోమని పంపినప్పుడు తూలూజ్‌లో నేను ఎవరింట్లో ఉన్నానో ఆ ఇంటి పిల్ల. ఇక్కడి పిల్ల అక్కడికి, అక్కడి పిల్ల ఇక్కడికి, అదీ ఒప్పందం. ఈసారి తన వంతు. కాలేజీ తెరిచేలోపు మా అమ్మానాన్నల్ని చూద్దువుగాని రమ్మని కువైట్‌కు పిలిచింది నేనే. ఈ ఎండల్లో కువైట్ ఏమిటే, పెనం మీద కూర్చోబెడతావా అని నాన్న నవ్వారు కూడా. ఆ పిల్ల వచ్చిన వారానికే ఇరాక్ ట్యాంకులు వచ్చాయి.

మొదట్లో భయం అందరిదీ ఒకటే. నాన్న ఆఫీసు షర్క్‌లో ఉంది కదా, ఒకరోజు ధైర్యం చేసి చూసొచ్చారు. కిటికీల్లోంచి ఏసీలు పీక్కుపోయారట, కుర్చీలు కూడా మిగల్లేదట. జీతం లేదు, బ్యాంకు లేదు. ఖుబ్జ్ కోసం తెల్లారకుండానే క్యూ కట్టాలి. ఆ రొట్టెనే చింతకాయ పచ్చడితో తింటున్నాం. అమ్మ రెండేళ్లకు సరిపడా పట్టుకొచ్చిన పచ్చడి అది. ఇంత ఎందుకమ్మా అని అప్పుడు వెక్కిరించాను, ఇప్పుడు వేలితో నాకుతున్నాను. నీళ్లు మధ్య మధ్య ఆగిపోతున్నాయి. బీచి వైపు ఎవరూ పోవడం లేదు, అక్కడ మందుపాతరలు పెట్టారంటున్నారు. ఇదంతా ఎలాగో ఓర్చుకుంటున్నాం. మన ఇండియా వాళ్లని సైనికులు పెద్దగా పట్టించుకోవడం లేదు. బస్రా మీదుగా జోర్డాన్‌కు బస్సుల్లో పోనిస్తున్నారు.

క్లేర్‌ని పోనివ్వరు. తెల్లవాళ్లనందర్నీ పట్టి ఎక్కడెక్కడో పెడుతున్నారు. యుద్ధం వస్తే బాంబులు పడే చోట వాళ్లని ముందు నిలబెడతారట. తెల్లవాళ్లని ఇంట్లో దాచినవాళ్లకు మరణశిక్ష అని రేడియోలో చెప్పారు. ఆ మాట విన్న పూట ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు. క్లేర్‌కు అరబ్బీ రాదు. అయినా మా మొహాలు చూసి అర్థం చేసుకుంది. సంచీ సర్దుకుని తలుపు దగ్గర నిలబడింది, తనే పోయి లొంగిపోతానని. నేను ఆ సంచీ లాక్కుని మంచం కిందికి తోసేశాను. అక్కా, పరాయి దేశంలో నాకు జ్వరం వస్తే వాళ్లమ్మ రాత్రంతా నా మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. నాకోసం మాంసం తగలని గిన్నె వేరేగా పెట్టి అందులో కూరలు ఉడికించింది. ఆవిడ కూతుర్ని నేను పిలిచి తీసుకొచ్చి, ఇప్పుడు వాళ్లకు అప్పగించనా?

రమణమ్మ కూడా మా దగ్గరే ఉంటోంది. రాయచోటి దగ్గర పల్లె ఆవిడది. పక్క వీధిలో ఓ కువైటీ ఇంట్లో పనిచేసేది. మామా అని పిలిచే ఇంటి యజమానురాలు, వీసా ఇప్పించిన కఫీల్, అందరూ సెలవులకు లండన్ వెళ్లి అక్కడే ఉండిపోయారు. ఆవిడ పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో, తాళంచెవులు లండన్‌లో. అలాంటి వాళ్లకు మన ఎంబసీ ఒక కాగితం రాసిస్తోంది, అది చూపించి పోవచ్చు. నాన్నకు ఈ ఆలోచన రావడానికి రమణమ్మే కారణం. ఆవిడ సంగతి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి నావైపు చూశారు.

"వసూ, నీ పాస్‌పోర్టు పోయిందంటే మన ఎంబసీ నీకు కాగితం ఇస్తుంది. ఆ పిల్లకి ఎవరిస్తారు?"

పాస్‌పోర్టులో నా ఫొటో నీకు గుర్తుందా? వానలో తడిసిన పిల్లిలా ఉన్నానని నువ్వు ఏడిపించేదానివి. ఆ ఫొటోలో నేను నాలాగే ఉండను. క్లేర్ జుట్టు నల్లన, కళ్లు నల్లన, దేవుడి దయ. ఇక్కడి ఎండకు కమిలి కాస్త చామనఛాయకు కూడా వచ్చింది. నా పాస్‌పోర్టు పట్టుకుని తల్లీకూతుళ్లలా అమ్మతో వెళితే ఎవరూ తేరిపార చూడరని నాన్న లెక్క.

అమ్మ ఒప్పుకోలేదు. "కన్నపిల్లని ఈ మంటల్లో వదిలేసి పరాయిపిల్లని వెంటేసుకు పొమ్మంటారా? మీకేమన్నా మతి పోయిందా?" అని వంటింట్లోకి పోయి తలుపేసుకుంది. నాకూ రమణమ్మకూ కాగితాలు వచ్చాకే అందరం పోదామంది. అదీ సబబే. కానీ గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, ఎంబసీలన్నీ మూసెయ్యమని బాగ్దాదు నుంచి హుకుం వచ్చిందట. మనది ఎన్నాళ్లు ఉంటుందో ఎవరికీ తెలీదు. ఈలోగా ఒక్కో బిల్డింగూ వెతుక్కుంటూ వస్తున్నారు.

అయినా క్లేర్‌కు అన్నీ నేర్పడం మొదలుపెట్టాం. బొట్టు పెట్టాం, జడ వేశాం. చీర కడదామంటే రమణమ్మ వద్దంది. "సీర కడితే నడకలోనే తెలిసిపోతాదిమా. పంజాబీ డ్రెస్సు ఏపించు" అంది. చేత్తో తినడం దానికి హైదరాబాదు కోసమని నేను ముందే నేర్పాను. అన్నీ బాగానే వచ్చాయి. ఒక్కటే రాలేదు. థాంక్స్ చెప్పడం మానడం.

నవ్వకు. నేను అక్కడ ఉన్నప్పుడు నాకు సరిగ్గా దీనికి ఎదురు బాధ. రొట్టె అందించినా మెర్సీ, నీళ్లు పోసినా మెర్సీ, తలుపు పట్టుకున్నా మెర్సీ. నేను చెప్పేదాన్ని కాదు. నేను పొగరుబోతుననుకుని వాళ్లమ్మ వారం రోజులు నొచ్చుకుని, చివరికి పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. మా ఇళ్లలో అమ్మకు థాంక్స్ చెబితే అమ్మ బాధపడుతుందండీ, పరాయిదాన్ని చేశావనుకుంటుంది అని చెప్పాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. ఇప్పుడు ఆవిడ కూతురు మంచినీళ్ల గ్లాసు అందుకున్న ప్రతిసారీ ఆ మాట నోట్లోంచి జారిపోతోంది.

"పాపా, నీల్లిస్తే తాగి గలాసు ఆడ పెట్టు. ఆ మాట అనగాకు. మాయమ్మకు నేనెప్పుడన్నా చెప్పినానా ఆ మాట?" అని రమణమ్మ తల కొట్టుకుంటుంది. నేను అర్థం చెబితే ఆ పిల్ల తలూపి, నాకు మెర్సీ అంటుంది.

మొన్న మధ్యాహ్నం తలుపు కొట్టారు. ఇద్దరు సైనికులు. ఒకడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. నాన్న కాగితాలు, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డులు చూపించారు. దాక్కోవడానికి వ్యవధి లేక క్లేర్ హాల్లోనే ఉంది, బియ్యం చాట ఒళ్లో పెట్టుకుని. మంచినీళ్లు అడిగారు. అమ్మ ఇచ్చింది. ఆ చిన్నవాడు తాగి, దగ్గర్లో ఉంది కదా అని ఖాళీ గ్లాసు క్లేర్ చేతికిచ్చాడు. అది తలెత్తి, "మెర్సీ" అంది.

అయిపోయాం అనుకున్నాను అక్కా. వాడు దాన్నే చూస్తున్నాడు. అంతలో అమ్మ అందుకుంది. "ఒసేయ్ వసూ! వచ్చినవాళ్లని నోరెళ్లబెట్టుకుని చూస్తావేమే? ఆ బియ్యంలో రాళ్లు ఎవడు ఏరతాడే, నీ మొగుడా? లే, లోపలికి పో!" అని చెయ్యి పట్టి లేపి, వీపు మీద ఒక్కటిచ్చి లోపలికి తోసింది. చాట కింద పడి బియ్యమంతా చిందింది. సైనికులిద్దరూ పకపకా నవ్వారు. తల్లి తిట్టడం ఏ భాషలోనైనా తెలుస్తుంది కాబోలు. యల్లా, పోదాం పద అనుకుంటూ వెళ్లిపోయారు.

వాళ్లు పోయాక అమ్మ కింద కూర్చుని ఒక్కో గింజా ఏరింది.

మర్నాడు పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే హాల్లోంచి అమ్మ పిలిచింది. "వసూ, ఇటు రావే, తల దువ్వుతాను." నేను నోరు కడుక్కుని పరిగెత్తాను. అమ్మ దువ్వెనా, కొబ్బరినూనె గిన్నే పెట్టుకుని పీట మీద కూర్చుంది. నావైపు చూడలేదు.

"నిన్ను కాదు" అంది.

క్లేర్ వచ్చి అమ్మ ముందు కూర్చుంది. అమ్మ దాని తలకు నూనె పెడుతూ, "ఇవాళ్టినుంచి నేను పిలిస్తే నువ్వు పలకకు తల్లీ. తను పలకడం నేర్చుకోవాలి" అంది. అని ఏడ్చింది. అప్పుడు అర్థమైంది నాకు, అమ్మ వెళ్లడానికి ఒప్పుకుందని. నేను కూడా ఏడ్చాను. సంతోషంతో ఏడ్చానని చెప్పడానికి లేదు. నాకు భయం వేసింది. ఇప్పటికీ వేస్తోంది. ఒక క్షణం ఆ పిల్ల మీద అసూయ కూడా కలిగింది, నీతో అబద్ధం ఎందుకు?

అప్పట్నుంచి ఇంట్లో రోజంతా "వసూ, వసూ" అని పిలుపే. నేను పలకడం లేదు. నోరు మూసుకుని కూర్చోవడం ఇంత కష్టమని తెలీదు. క్లేర్ మాత్రం "ఊఁ" అంటూ చక్కగా వస్తోంది. నీళ్లిస్తే తాగి గ్లాసు కింద పెడుతోంది. రేపు వీడ్కోలు చెప్పేటప్పుడు నాకు కూడా ఆ మాట చెప్పనని దానిచేత ఒట్టు వేయించుకున్నాను. చెబితే నేను తట్టుకోలేను.

నాన్నా, రమణమ్మా, నేనూ రేపే ఎంబసీకి పోతాం. కాగితాలు దొరికితే వెనకే వచ్చేస్తాం. దొరుకుతాయి. నాన్న తోడున్నారు కాబట్టి నా గురించి దిగులు పడకు. ఎంబసీ మూసేశాక ఏం చెయ్యాలో మాత్రం ఇంకా ఆలోచించలేదు, ఆలోచిస్తే చెయ్యి ఆడడం లేదు. దారిలో సోదా చేసి ఈ ఉత్తరం తీసినా భయం లేదు. ఆ ఎడారిలో తెలుగు చదివే సైనికుడు ఎదురైతే వాడి కాళ్లకు మొక్కాల్సిందే.

జోర్డాన్‌లో క్లేర్ వాళ్ల ఎంబసీకి వెళ్లిపోతుంది. అమ్మ ఒక్కతే ఇంటికి వస్తుంది. నీకు నేను చేసుకునే మనవి ఇదొక్కటే. దాన్ని ఎలా వదిలి వచ్చావమ్మా అని మాత్రం అడగకు. బావను కూడా అడగనివ్వకు. స్నానానికి వేడినీళ్లు పెట్టి, అన్నం వడ్డించు. అమ్మ అలవాటుగా నన్ను పేరు పెట్టి పిలవబోయి నాలుక కరుచుకుంటే విననట్టు ఊరుకో.

మీ అత్తయ్యగారికి, మామయ్యగారికి నా నమస్కారాలు చెప్పు. బుజ్జిగాడికి ముద్దులు. నా కోసం కనకదుర్గమ్మకు దణ్ణం పెట్టుకో, మొక్కులు మాత్రం నేను వచ్చాకే. నీ ఆశీస్సులు నాకు ఎప్పటికన్నా ఎక్కువగా కావలసింది ఇప్పుడే.

మరొక్క మాట. కువైట్ నుంచి బయటపడ్డవాళ్ల పేర్లు మన పేపర్లలో వేస్తున్నారని రేడియోలో విన్నాం. అమ్మ పేరు పక్కనే నా పేరు కూడా ఉంటుంది. అది చూసి బావను ఎయిర్‌పోర్టుకు పంపి ఇంట్లో పాయసం వండకు. ఆ పేరున్న పిల్ల నేను కాదు. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను.

నా పేరు ఇంకొకరికి ఇచ్చాను కాబట్టి, నువ్వు పెట్టిన పేరుతో,

నీ చిన్ని