పెట్టె చూడని వెలుగు

ప్రియమైన అక్కకు,

ఎప్పుడు ఫోన్ చేసినా బావే ఎత్తి "స్నానం చేస్తోంది" అంటున్నాడు. మనిషన్నాక ఇన్ని స్నానాలు చేస్తే ఒళ్లు అరిగిపోదూ? అందుకే ఈ ఉత్తరం. చెత్తబుట్టలో పడేసేముందు సగమైనా చదువు.

నీ కోపం ఎందుకో నాకు తెలుసు. నీ ట్రామ్ ఆ మూడు వీధుల కూడలిలో వ్యానును గీరుకున్న మర్నాడు, సిగ్నళ్ల విభాగంలో డ్యూటీ నాదే అయింది. కూడలిలో సిగ్నల్ దీపాలను నడిపే పెట్టె ఏం నమోదు చేసిందో చూసి, "ట్రామ్‌కు ఆగమనే చూపించింది, సిగ్నల్లో లోపం లేదు" అని సంతకం పెట్టింది నేనే. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ నిన్ను బండి దింపేశారు. విచారణ అయ్యేదాకా జనం మర్చిపోయిన గొడుగులూ సంచులూ తిరిగిచ్చే కౌంటర్లో కూర్చోబెట్టారు. ఇక బండి నడపననీ, అక్కడే ఉండిపోతాననీ నువ్వు అంటున్నావని నిన్న బావ గొంతు తగ్గించి చెప్పాడు. విన్నప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు. చిన్నప్పుడు కుర్చీలన్నీ వరసగా పేర్చి నన్ను వెనక కూర్చోబెట్టి బండి నడిపిన మనిషివి నువ్వు. గొడుగులు లెక్కపెట్టుకుంటూ ఎలా బతుకుతావు?

ఒక సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. వెళ్లమనే నిలువుగీత కనబడితేనే కదిలానని నువ్వన్నావు. ఆగమనే అడ్డగీతే వెలిగించానని పెట్టె అంటోంది. నువ్వు అబద్ధమాడవు. పెట్టెకేమో అబద్ధమాడే తెలివి లేదు. ఇద్దరూ నిజమే చెబుతుంటే మధ్యలో ఏం జరిగినట్టు?

నీకు తెలియనిదేం కాదు, నాకు నేనే చెప్పుకుంటున్నాను. కూడలి దగ్గరయ్యేసరికి ట్రామ్‌లో ఉన్న రేడియో "వస్తున్నా, దారివ్వు" అని పెట్టెను అడుగుతుంది. దారి ఇచ్చేదాకా పై గాజులో అడ్డగీత, ఇచ్చాక కింది గాజులో నిలువుగీత. రేడియో మాటలు మళ్లీ విన్నాను. తీగలన్నీ తడిమాను. దీపాలు విప్పి చూశాను. ఎక్కడా తేడా లేదు. అయితే నేను చూసిందంతా మిట్టమధ్యాహ్నం. నువ్వు వెళ్లింది సాయంత్రం. రేపటినుంచి సాయంత్రాలు వెళ్తాను.

నీ ప్రశ్నల పుట్ట

*

అక్కా,

నువ్వు జవాబు రాయకపోయినా నేను రాస్తూనే ఉంటాను. నా సంగతి నీకు కొత్త కాదుగా.

మొదట్లో ఏమీ కనబడలేదు, పైగా ఒకరోజు వానలో తడిసి ముద్దయ్యాను. ఊరికే నిలబడితే కళ్లు ఎటో పోతున్నాయని మీ డ్రైవర్ల పద్ధతే పట్టుకున్నాను. సిగ్నల్ కేసి వేలు చూపించడం, కనబడింది పైకి పలకడం. "అడ్డగీత, అడ్డగీత" అని నేను గాల్లోకి చెబుతుంటే ఒకావిడ పిల్లను తన అవతలి పక్కకు లాక్కుని మరీ దాటింది.

నిన్న అదే పనిలో ఉండగా నా నోట "నిలువుగీత" అని వచ్చింది. నిజంగానే కింది గాజు భగ్గుమని వెలిగింది. పైన ఉన్న అసలు దీపం దాని ముందు వెలవెలబోయింది. వెంటనే కంట్రోల్ రూముకు ఫోన్ చేసి, ఏం చూపిస్తోందని అడిగాను. "ఆగమనేనండీ, ఏం?" అన్నాడు అవతలతను. వెలుగు ఎటునుంచి వస్తోందా అని వెనక్కి తిరిగాను.

అది ఎండ అక్కా! ఎదుటి మేడలో పళ్ల డాక్టరు కిటికీ అద్దం మీద పడి, అక్కణ్నుంచి తిన్నగా మన గాజులోకి దూరింది. పెట్టెకు తాను వెలిగించింది మాత్రమే తెలుసు. బయట ఏం కనబడిందో దానికెలా తెలుస్తుంది?

పరుగెత్తుకుంటూ పైకి వెళ్లేసరికి కిటికీ మూసి ఉంది, తెరిస్తే గానీ ఎండ అటు మళ్లదు. "దుమ్మమ్మా, అది తెరవనే తెరవను" అని డాక్టరు ఒట్టేసినంత పని చేశాడు. మా విభాగం పెద్దాయనకు చెబితే "ఎండలో నిలబడ్డావుగా, కళ్లు చెదిరుంటాయిలే" అని కొట్టిపారేశాడు. నీకూ సరిగ్గా ఇదే మాట చెప్పారు కదూ? చూసినదాన్ని చూడలేదంటే ఎంత కష్టంగా ఉంటుందో నాకు నిన్న తెలిసింది. ప్రమాదం జరిగిన మర్నాడు పెట్టె దగ్గరికి వెళ్లేముందు నేను నీ దగ్గరికి రావాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను. ఏం చూశావక్కా?

నీ ప్రశ్నల పుట్ట

*

ఒసే పుట్టా,

నీ రెండో ఉత్తరం చదివి బుగ్గకు రుమాలు కట్టుకున్నాను. పన్ను నొప్పని మూలుగుతూ ఆ డాక్టరు దగ్గరికి వెళ్లాను. సాయంత్రం చివరి పేషెంటుని నేనే.

నన్ను నోరు తెరిపించి చూసి, ఆయన చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. ఆ క్షణాన సహాయకురాలు పిల్లిలా వచ్చి కిటికీ బార్లా తెరిచింది. "మందుల వాసనకు తల తిరిగిపోతుందండీ. ఆయన వచ్చేలోపు మూసేస్తాను, చెప్పకండి" అంది. చెప్పనని నోరు తెరిచే తల ఊపాను. మళ్లీ ఆవిడే విచారణవాళ్ల ముందు, నేను బతిమాలితే, అదే కిటికీ తెరిచి చూపించింది. కింద వీధిలో నిలబడ్డ పెద్దమనుషులంతా కింది గాజు వెలగడం కళ్లారా చూశారు. మీ పెద్దాయన అయితే కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. నన్ను మళ్లీ బండి ఎక్కమన్నారు. ఆ గాజులకు పైన రేకు గొడుగులు బిగించారు. చూశావా, గొడుగుల కౌంటర్లో కూర్చున్నందుకు సిగ్నల్‌కు కూడా ఒకటి ఇచ్చి వచ్చాను.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. నీ సంతకానికి నాకు కోపం రాలేదే. నువ్వు చూసింది నువ్వు రాశావు. అది చదివాక నాకు నా కళ్ల మీదే నమ్మకం పోయింది. బావ నేను స్నానం చేస్తున్నానని చెప్పిన రోజుల్లో నేను కళ్లాసుపత్రుల చుట్టూ తిరుగుతున్నాను. అందరూ ఏ లోపమూ లేదనే అన్నారు, అయినా నమ్మలేకపోయాను. రేపు బండి కింద ఎవరైనా పడితే? ఆ భయంతోనే నడపనన్నాను. నీతో మాట్లాడితే ఏడుపొచ్చేస్తుందని ఫోన్ ఎత్తలేదు.

ఆవేళ ఆ కుర్చీలోంచి లేచి, తెరిచిన కిటికీలోంచి కిందికి చూశాను. వీధి మధ్యలో ఒక పిచ్చిది వేలు చూపిస్తూ తనలో తాను మాట్లాడుకుంటోంది. దాటేవాళ్లు నవ్వుతున్నారు. దానికేం పట్టలేదు. గాజు వెలగగానే నువ్వు ఈ కిటికీ కేసి తిరిగావు. నీ పెదాలు "నిలువుగీత" అనడం అంత ఎత్తునుంచి కూడా నాకు స్పష్టంగా కనబడింది. అంటే నా కళ్లు బాగానే ఉన్నాయే!

ఇక ఫోన్ చెయ్యి. నేనే ఎత్తుతాను.

మీ అక్క
(పన్ను నిజంగానే పుచ్చిందట, పీకేశాడు. ఆ పాపం నీదే.)