దువ్వెన మీద కేసు లేదు

అమ్మాయికి,

నీ పెళ్ళిచూపుల నాడు వాళ్ళు "మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అని అడిగితే "సొంత షాపు ఉందండీ" అన్నావు. ఏం షాపో చెప్పలేదు. బియ్యం అమ్ముతాననుకున్నారో, చెప్పులు అమ్ముతాననుకున్నారో. నేను తలుపు పక్కనే నిలబడి విన్నాను. ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు. ఇప్పుడెందుకు విప్పుతున్నానో కింద తెలుస్తుంది. అంతదాకా ఆ మాట అక్కడ పడి ఉండనీ.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ అల్లుడుగారూ పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఫోన్లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొట్టాలి. కాగితం మీద నువ్వు అడ్డు రాలేవు. తప్పులుంటే సర్దుకుని చదువుకో. బోర్డు మీద 'కటింగు'లో సున్నా చెరిగిపోయినా ఏడాది దాకా కనిపెట్టనివాణ్ణి, నా చదువు నీకు తెలియందా.

కిందటి ఉత్తరంలో నీ ఆఫీసు ప్రశ్నలన్నీ నా మొహం మీదే వేశావు. జవాబులు రాస్తున్నాను. గాటు ఏ పక్క? ఎడమ చెంప. అద్దంలో చూసి చెబుతున్నానని అనుమానపడకు, అద్దం ముందు బతికినవాణ్ణి. ఎంత పొడవు? చెవి ముందు నుంచి కిందికి, నా చూపుడు వేలంత. ఎంత లోతు? లోపలా కుట్లు వేశారు, పైనా వేశారు. పైవి తీసేశారు, లోపలివి వాటంతటవే కరుగుతాయట. గాజుముక్కా మట్టీ ఏమైనా ఉండిపోయాయా? లేవు. నవ్వితే మూతి వంకర పోతోందా? నవ్వే పని పడలేదు.

ఎలా తగిలింది? ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగితే, కాలు జారి వాష్ బేసిన్ అంచు మీద పడ్డానన్నాను. ఆవిడ అదే రాసుకుంది. నువ్వు ఊరుకుంటేగా! నర్సు పంపిన ఫోటో చూసి, "పడితే చర్మం చిట్లుతుంది నాన్నా, అంచులు నలుగుతాయి. ఇది గీత గీసినట్టుంది. ఎవరైనా కత్తితో కొట్టారా?" అని రాశావు. నన్ను కొట్టేవాడు ఈ వీధిలో ఇంకా పుట్టలేదు.

అంతటితో ఆగావా? దువ్వెనకి ఫోన్ చేశావు. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేనివాడికి ఆ పేరు పెట్టింది మీ అమ్మే. వీధికి ఆ చివర వాడి షాపు, ఈ చివర నాది. చిన్నప్పుడు బాబాయ్ బాబాయ్ అంటూ వాడి భుజం దిగేదానివి కాదు. నువ్వేం మాట్లాడావో వాడే వచ్చి చెప్పాడు, లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడి.

"అన్నా, నీ కూతురు నా మీద కేసు రాస్తుందంట."

"ఎవడు చెప్పాడ్రా?"

"తనే అంది. 'నిజం చెప్పు బాబాయ్, ఇలాంటి కేసులు రోజూ నేనే రాస్తాను, ఎలా జరిగిందో తెలియకపోతే కేసు తప్పుగా పడుతుంది' అంది. రోజూ రాస్తుందంట! అంత పెద్ద ఉద్యోగమని నువ్వెప్పుడూ చెప్పలేదే."

"ఒరే పిచ్చోడా, అది ఆ కేసు కాదు. డాక్టర్లు రాసింది చదివి, బీమా లెక్కల కోసం దెబ్బలకు నంబర్లు వేసే పని."

"అయ్యో, నంబరు కూడా వేసేసిందా?" అన్నాడు. వెళ్ళిపోయాడు.

నవ్వుకో. నీకు పక్కన నవ్వే మనుషులున్నారు. ఆ రోజు నుంచి వాడి షట్టరు సగం దించే ఉంటోంది. నేను అటు వెళితే వెనక తలుపులోంచి జారుకుంటున్నాడు. టీ కొట్టతను అలవాటు కొద్దీ రెండు గ్లాసులు బెంచీ మీద పెట్టబోయి, ఒకటి వెనక్కి తీసుకుంటున్నాడు. ఆ చప్పుడు నాకు నచ్చడం లేదు.

ఇక అసలు సంగతి. క్షవరమైతే గానీ వివరం తెలియదంటారు. నా క్షవరం అయింది, వివరం నువ్వు తెలుసుకో. మేమిద్దరం ఎవరి గడ్డం వాళ్ళం గీసుకోం. సెలవు రోజు పొద్దున వాడి గడ్డం నేను గీస్తాను, నా గడ్డం వాడు. ఆ రోజూ అంతే. చెవి దగ్గర కత్తి ఆనించగానే వాడి చెయ్యి వణికింది. నెత్తురు చూసి వాడు చతికిలబడ్డాడు. నా చెంపకు నేనే తువ్వాలు అదుముకుని, రెండో చేత్తో వాణ్ణి లేపి ఆసుపత్రికి నడిపించాను. మా ఇద్దరిలో పేషెంటు ఎవరో నర్సుకు అర్థం కాలేదు.

ఇంకొకటుంది. ఆ వణుకు సంగతి నాకు ముందే తెలుసు. షాపుకొచ్చేవాళ్ళ గడ్డాలు గీయడం వాడు ఎప్పుడో మానేశాడు, కటింగులే చేస్తున్నాడు. నా గడ్డం ఒక్కటే మానలేదు, నేను మాననివ్వలేదు. తెలిసే కూర్చున్నాను. రోజంతా ఊళ్ళోవాళ్ళ బుగ్గలు పట్టుకునేవాణ్ణి నేను. మీ అమ్మ పోయాక నా బుగ్గ పట్టుకునేది వాడొక్కడే. ఆ కాసేపటి కోసం ఒక గాటు పడితే పడనీ అనుకున్నాను. పడింది. నీకు చెబితే "మాన్పించెయ్, షాపు మూసి మా దగ్గరికి వచ్చెయ్" అంటావని దాచాను. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా కొట్టెయ్యడం లేదు.

ఇప్పుడు గడ్డం పెరిగి గాటును కప్పేసింది. గీసుకోలేక కాదు. గీసుకోను.

రాయనిది జరగనట్టే లెక్క, మా ఆఫీసులో అదే మాట అని నువ్వే చెప్పావు. ఆ లెక్కన నీ పెళ్ళిచూపుల్లో నా కత్తీ లేదు, నేనూ లేను. అది నేను మింగాను. దువ్వెన సంగతి మాత్రం మింగను. వాడికి ఉత్తరం రాయి. నీ ఫోన్ వాడు ఎత్తడు. నీ కవరు చూస్తే కోర్టు కాగితమని పారిపోతాడు, కాబట్టి కవరు మీదే పెద్ద అక్షరాలతో 'కేసు లేదు బాబాయ్' అని రాయి. గాటు పొరపాటున పడిందని రాయి, పొరపాటుకి మీ దగ్గర నంబరు ఉండే ఉంటుంది, అదీ వేసి చూపించు. నాన్న గడ్డం పెరిగింది, వచ్చి గీయమని రాయి. నువ్వేం భయపడకు, ఈసారి వాడి మణికట్టు నేను పట్టుకుంటాను, ఇద్దరం కలిసి గీస్తాం. కింద సంతకం దగ్గర 'గడ్డాలు గీసేవాడి కూతురు' అని ఉండాలి. షాపు అని రాశావో, చింపి పారేస్తాను.

వచ్చే సోమవారం మాకు సెలవు. ఆ లోపల నీ ఉత్తరం వాడి చేతిలో పడాలి. రాశావో లేదో నాకు కూడా సోమవారానికల్లా ఒక్క ముక్క తెలియాలి. కుర్చీ తుడిచి, నీళ్ళు కాచి కూర్చుంటాను.

ఇట్లు,
కత్తి పట్టి నిన్ను పెంచిన
నీ నాన్న