ఆదివారం నోరు, సోమవారం గొంతు

మార్చి 3, ఆదివారం

ఓడిపోయాం. మూడు-సున్నా. గ్రౌండులో అరిచి అరిచి గొంతు పోయింది. అమ్మ ఉప్పునీళ్లిచ్చి పుక్కిలించమంది. పుక్కిలిస్తే కూడా రిఫరీని తిడుతున్నట్టే శబ్దం వచ్చింది.

మార్చి 4, సోమవారం

ఇవాళ ఆఫీసులో పరువు పోయింది.

మాది ఫ్రిజ్‌ల కంపెనీ కాల్ సెంటర్. నూలు మిల్లు మూతపడ్డాక దాని గోడౌను అద్దెకు తీసుకుని, అట్టగోడలు కట్టి ఆఫీసు చేశారు. ఒకప్పుడు నూలు బేళ్లు పేర్చిన చోట ఇప్పుడు మమ్మల్ని పేర్చారు. నేను ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను.

పొద్దున్నే మొదటి కాల్. "నమస్కారం, మీకు ఎలా సహాయపడగలను?" అన్నాను. తుప్పుపట్టిన గేటు తీసినట్టు వచ్చింది గొంతు. అవతల ఎవరో పెద్దావిడ.

"బాబూ, ఫోను ఆడపిల్లలెవరికైనా ఇవ్వు నాయనా. ఇది ఫ్రిజ్ సంగతి, నీకర్థం కాదు."

మా కాల్స్ వినే మేడమ్ అది కూడా విన్నారు. ఆవిడ మా టీమ్ లీడర్, ఈమధ్యే వేరే ఊరి నుంచి బదిలీ మీద వచ్చారు.

"ప్రతి సోమవారం నీకిదేం రోగమమ్మా?"

"జలుబండీ."

"ఆదివారం ఆదివారం పట్టే జలుబు నేనెక్కడా వినలేదు. నెలాఖరుకి నీ కాల్స్ విని, నువ్వుండాలో వద్దో నేనే రాసివ్వాలి. గొంతు జాగ్రత్తగా చూసుకో."

మిల్లు పోయాక ఈ ఊళ్లో మిగిలినవి మూడే. పొగరాని పొగగొట్టం, ఈ కాల్ సెంటర్, మా మిల్లు ఫుట్‌బాల్ జట్టు. పొగగొట్టాన్ని నేనేం చెయ్యలేను. మిగతా రెండూ నాకు కావాలి.

కాబట్టి నిర్ణయం! సీజన్ అయిపోయేదాకా గ్రౌండుకి వెళ్తాను, నోరు మాత్రం విప్పను. అరుపుల్లేవు, తిట్లు లేవు. కింద ఎర్రపెన్నుతో గీత కూడా గీశాను.

అమ్మకి చెప్పాను. వంకాయ తరుగుతున్నదల్లా ఆపి నావైపు చూసింది. "నువ్వా? నోరు మూసుకుంటావా? నువ్వు పుట్టినరోజున నర్సు చెవులు మూసుకుందే!"

మార్చి 6, బుధవారం

గ్రౌండు సంగతి తర్వాత, అసలు చిక్కు ఇంట్లోనే వచ్చింది.

నాన్న మిల్లు మూతపడేదాకా మగ్గాల షెడ్డులో ఫిట్టరు. ఆ మోతకి చెవులు సగం పైగా పోయాయి. అందుకే మా ఇంట్లో "ఉప్పు అందుకో" అంటే వీధి చివరివాళ్లు కూడా అందుకుంటారు. ఈ గొంతు నాకు ఊరికే రాలేదు.

ఇంట్లోనూ గొంతు దాచుకోవాలని కాగితం మీద రాసి చూపించాను. "టీ కావాలా?"

నాన్న కళ్లద్దాలు వెతుక్కుని, చదివి, మొహం చిట్లించాడు. "నేనేమన్నా చెవిటివాణ్ణా? నోటితో అడగలేవూ?"

నోటితో అడిగాను. "ఆఁ?" అన్నాడు.

మళ్లీ కాగితం.

మార్చి 10, ఆదివారం

సాధించాను!

రోజూ కొరియర్ వ్యాన్ నడిపే బాబాయితో కలిసి గ్రౌండుకి వెళ్లాను. గోలుపోస్టు వెనక మెట్ల మీద మా చోటు. చేతిరుమాలు నోట్లో కుక్కుకుని కూచున్నాను. మా గోల్‌కీపర్ వారమంతా బేకరీలో పిండి పిసుకుతాడు, అందరూ రొట్టెలన్న అంటారు. ఇవాళ బంతిని కాళ్ల మధ్య నుంచి వదిలేశాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాటని అలాగే మింగేశాను. తర్వాత ఇంకో గోలు. దాన్నీ మింగాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు, కడుపంతా తిట్లే.

రెండు-సున్నా. "ఓడిపోతామని నేను ముందే చెప్పానా?" అన్నాడు బాబాయి. ప్రతి మ్యాచ్‌కీ ముందే చెబుతాడు. గెలిచినప్పుడు మాట మార్చుకోవాలి గానీ, ఈమధ్య ఆ అవసరం రాలేదు.

గ్రౌండులో టీ అమ్మే ముసలాయన నన్ను చూసి జాలిపడ్డాడు. "పాపకి ఒంట్లో బాలేదా?" అని బాబాయినడిగి ఉచితంగా టీ ఇచ్చాడు. మౌనం వల్ల ఇదో లాభం!

మార్చి 11, సోమవారం

గొంతులో తేనె! "ఇదీ, ఇలా ఉండాలి," అన్నారు మేడమ్. ఫోను చేసినవాళ్లంతా "అమ్మా", "తల్లీ" అన్నారు. ఒక్క "బాబూ" కూడా లేదు.

నిర్ణయం అంటే ఇదీ. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో మారిపోయేదాన్ని. మనుషులు ఊరికే మనసు బలహీనమంటారు.

మార్చి 14, గురువారం

బాబాయి వచ్చి కూచుని లెక్క చెప్పాడు. చివర నిలిచిన జట్టుని లీగ్ నుంచి తీసేస్తారట. తీసేస్తే మా జట్టు ఇంక ఉండదు, ఆటగాళ్లు తలోదారి పట్టి పోతారు. ఇప్పుడు మేం చివరి నుంచి రెండో చోట ఉన్నాం. చివరి జట్టు మాకంటే ఒక్క పాయింటే వెనక. ఆఖరి మ్యాచ్ వాళ్లతోనే!

ఇలాంటి సమయంలో రుమాలు నోట్లో పెట్టుకుని కూచోవడం ద్రోహం కాదా?

బాగా ఆలోచించాను. నిర్ణయంలో "అరవను" అని ఉంది. ఈల గురించి ఏమీ లేదు. ఈల పెదాల పని. గొంతుకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

మార్చి 17, ఆదివారం

రాయడానికి చెయ్యి రావడం లేదు.

మొదటి సగంలో మావాళ్లు గోలు కొట్టారు! ఎన్నాళ్లకో! రెండో సగంలో అవతలివాళ్లు బంతితో మీదికొస్తుంటే మా వెనక వరస కుర్రాడు అడ్డంగా పరిగెత్తాడు. ఆ పరుగు చూసి ఆగలేకపోయాను. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాను.

వాడు రిఫరీ ఈల అనుకున్నాడు. ఆగిపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అవతలివాడు ఆగలేదు. గోల్!

ఒకటి-ఒకటి. అలాగే ముగిసింది.

మెట్ల మీద జనమంతా తిరిగి నన్నే చూశారు. బాబాయి నెమ్మదిగా రెండు జానలు పక్కకి జరిగి, "ఈ అమ్మాయెవరో నాకు తెలీదు," అన్నాడు.

మార్చి 18, సోమవారం

గొంతు బాగుంది. నేను బాలేను.

ఇంటికొస్తూ రొట్టె కొనడానికి బేకరీకి వెళ్లాను. నిజానికి రొట్టె కోసం కాదు. రొట్టెలన్న మోచేతులదాకా పిండితో బయటికొచ్చాడు.

"చెల్లెమ్మా, నా మీద కోపమా?"

"నీ మీద నాకేం కోపమన్నా? నిన్నటి ఈల నాదే. నన్ను మీరు తిట్టాలి."

"ఈల సంగతి పోనీ. రెండు వారాలుగా నన్ను తిట్టడం లేదేం?"

ఉద్యోగం సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఉద్యోగమే ముఖ్యం. అరవకు," అన్నాడు. రొట్టె కాగితంలో చుడుతూ, "కాకపోతే వెనకనుంచి నువ్వు 'కళ్లెక్కడ పెట్టుకున్నావు రొట్టెలన్నా' అనకపోతే, ఏదో పరాయి ఊళ్లో ఆడుతున్నట్టుంది," అన్నాడు.

రొట్టె వేడిగా ఉంది. దాన్ని గుండెకి ఆనించుకుని ఇంటిదాకా నడిచాను.

చిన్న సవరణ: ఆటలో సగానికి ఒక్క వాక్యం అనొచ్చు. మామూలు గొంతుతో. వాక్యం అరుపు కాదు కదా.

మార్చి 24, ఆదివారం

మ్యాచ్ పక్క ఊళ్లో. జట్టుని బాబాయే తన వ్యాన్‌లో తీసుకెళ్లాడు. అక్కడి నుంచి ఫోన్లో ఆట చెబుతానన్నాడు. నేను ఇంట్లోనే! అరిచే ప్రమాదమే లేదు.

ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాను. నాన్న పక్కకొచ్చి కూచున్నాడు. మిల్లు గేటు మూసి అందర్నీ బయటికి పంపిన రోజు నుంచి నాన్న ఆ గ్రౌండుకి రాలేదు. గ్రౌండు మిల్లు ఆవరణలోనే ఉంది, ఆ గేటులోంచే వెళ్లాలి. "ఆ గేటు నేను దాటను," అంటాడు. కానీ ఆట సంగతి మాత్రం అడుగుతాడు.

"ఏమంటున్నాడు మీ బాబాయి?"

కాగితం మీద రాశాను. "బంతి మన దగ్గరే." చూపించేలోపు బంతి పోయింది. "వాళ్ల దగ్గర" అని రాస్తుంటే మళ్లీ మన దగ్గరికొచ్చింది. బంతి కాగితం కంటే తొందరగా పరిగెడుతోంది.

"ఏమైందమ్మడూ?" అంటూ నా మోచెయ్యి పట్టుకున్నాడు నాన్న. ఆ కళ్లు చూస్తే...

"కార్నర్ నాన్నా!" అన్నాను.

"ఆఁ?"

"కార్నర్!"

అంతే, ఇక ఆగలేదు. కాసేపటికి కుర్చీ ఎక్కి నిలబడ్డాను. బాబాయి ఒక్క ముక్క చెబితే నేను పది చెప్పాను. కిటికీ బయట జనం చేరారు. "మ్యాచ్ మన వీధిలోనే అనుకున్నాం," అన్నారు ఎదురింటి అత్తయ్య.

"మన గోలు ఎవరు కొట్టారు?" అడిగాడు నాన్న.

"కుడివైపు ఆడే బక్క కుర్రాడు!"

"వాడా! వాళ్ల నాన్నది నా పక్క మగ్గమే. ఆయన కూడా అంతే, ఒకచోట నిలిచేవాడు కాదు!" అని బల్ల మీద గుద్దాడు. ఫోను కిందపడింది. తీసేసరికి మనవాళ్లు రెండో గోలు కూడా కొట్టేశారు.

గెలిచాం! రెండు-ఒకటి! ఆ చివరి జట్టు మాత్రం మేమేం చేస్తే అదే చేస్తూ వస్తోంది, వాళ్లూ గెలిచారు. ఒక్క పాయింటు తేడా అలాగే ఉంది.

పడుకోబోతూ నాన్న అన్నాడు. "వచ్చే ఆదివారం నేనూ వస్తాను."

అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అమ్మ లేచి వెళ్లి నాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది. ఆదివారానికి ఇంకా వారం ఉంది!

మార్చి 25, సోమవారం

గొంతు సున్నా. మేడమ్ పిలిచారు.

"మళ్లీ జలుబేనా?"

ఇంక అబద్ధం చెప్పలేకపోయాను. "కాదండీ. ఫుట్‌బాల్," అని గుసగుసగా అన్నాను.

"ఫుట్‌బాలా? మీ జట్టు ఎప్పుడూ ఓడిపోతుందటగా? ఇంక అరవడానికేముంది?"

"అందుకేనండీ."

మేడమ్ ఈ వారం ఫోన్లు ముట్టుకోవద్దని, మెయిల్లో వచ్చే ఫిర్యాదులకి జవాబులు టైపు చెయ్యమని చెప్పారు. "వచ్చే సోమవారం నీ కాల్స్ వింటాను. అదే ఆఖరి పరీక్ష."

ఆదివారం ఆఖరి మ్యాచ్. సోమవారం ఆఖరి పరీక్ష. రెండింటికీ ఉన్నది ఒక్కటే గొంతు.

సవరణలన్నీ రద్దు. వాక్యం లేదు, ఈల లేదు. మూగనోము.

మార్చి 31, ఆదివారం

గేటు దగ్గర నాన్న ఆగిపోయాడు. నేనూ బాబాయీ పక్కన నిలబడ్డాం. నాన్న గేటు బందుని వేలితో రుద్ది చూశాడు. "దీనికి నూనె పెట్టే దిక్కు లేదన్నమాట," అని గొణుక్కుని లోపలికి నడిచాడు. మా ముందే.

మెట్ల మీద చూస్తే ఎవరు? మేడమ్! గొడుగు వేసుకుని, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు ఒద్దికగా కూచున్నారు. "అంతలా అరిచేదేముందో చూద్దామని వచ్చాను," అన్నారు. నా పని అయిపోయింది. ఆవిడ పక్కన కూచుని పెదాలు బిగించాను.

మాకు గెలుపు అక్కర్లేదు. ఓడకపోతే చాలు. సున్నా-సున్నా. మొదటి సగం మింగాను. రెండో సగంలో చాలాభాగం మింగాను. ఇంక కాసేపే ఉంది. రొట్టెలన్న ముందుకొచ్చి ఎవరినో హెచ్చరిస్తున్నాడు. అతని వెనకనుంచి అవతలివాడు గోలువైపు జారుకుంటున్నాడు. నాకు కనిపిస్తోంది! మేడమ్ నావైపే చూస్తున్నారు. నా గొంతులో ఆ మాట ముల్లులా అడ్డం తిరిగింది.

అప్పుడు నా పక్కనుంచి...

"ఒరేయ్ రొట్టెలూ! వెనక! వెనక చూడరా!"

నాన్న! మగ్గాల మోతలో ఈ చివరినుంచి ఆ చివరికి పిలిచిన గొంతు. పొగగొట్టం మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. రొట్టెలన్న ఉలిక్కిపడి గోలు దగ్గరికి పరిగెత్తి, వాడివైపు తిరిగాడు. బంతి సూటిగా వచ్చి అతని మొహానికి తగిలి, బార్ పైనుంచి బయటికి పోయింది.

ఆ తర్వాత నా నోరెప్పుడు తెరుచుకుందో నాకు తెలీదు. "ఇప్పుడన్నా కళ్లు పెట్టుకున్నావా రొట్టెలన్నా!" అని అరిచినట్టు బాబాయి చెప్పాడు. ముక్కు మీద చెయ్యి పెట్టుకుని అతను వెనక్కి తిరిగి నవ్వడం మాత్రం చూశాను. కాసేపటికి ఇటు తిరిగితే మేడమ్ గొడుగు మూసి, మెట్టెక్కి నిలబడి, దాన్ని రిఫరీ మీదికి ఆడిస్తున్నారు. "మీకు కళ్లున్నాయా అండీ? అది ఫౌల్ కాదాండీ?" తిట్టులో కూడా ఎంత మర్యాదో!

సున్నా-సున్నా! ఇంత అందమైన సున్నాలు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. జట్టు ఉంటుంది! నాన్న టీ అమ్మే ముసలాయన్ని కావలించుకున్నాడు. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే షిఫ్టట. "డ్రా అవుతుందని నేను ముందే చెప్పాను," అన్నాడు బాబాయి. చెప్పలేదు.

ఏప్రిల్ 1, సోమవారం

పరీక్ష. నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చింది. ఉద్యోగం పోయిందనుకుని మేడమ్ గదిలోకి వెళ్లాను.

ఆవిడ నోరు తెరిచారు. అక్కడా గాలే.

ఆవిడ గొంతు సవరించుకుని, పిల్లికూన అరిచినంత గొంతుతో అన్నారు.

"ప్రొబేషన్ ఇంకో నెల పొడిగిస్తున్నాను. ఇదే ఆఖరి అవకాశం. తెలిసిందా?"

తలూపాను. తలుపుదాకా వచ్చాక మళ్లీ పిలిచారు.

"వచ్చే సీజన్ ఎప్పుడు?"

ఏప్రిల్ 5, శుక్రవారం

గొంతు తిరిగొచ్చింది. బుద్ధి కూడా.

కొత్త నిర్ణయం! ఈసారి గట్టిది. ఉద్యోగం పర్మనెంటు అయ్యేదాకా గ్రౌండులో అరుపుల్లేవు, ఈలల్లేవు, సగానికో వాక్యం లాంటి దొంగదారుల్లేవు. ఎర్రపెన్నుతో రెండు గీతలు.

ఎల్లుండి అగ్నిమాపకం వాళ్లతో స్నేహపూర్వక మ్యాచ్ ఉందట. పాయింట్లు లేవు, ఏమీ లేవు. అందులో అరవడానికేముంటుంది? అయినా ముందుజాగ్రత్తగా, నిర్ణయం సోమవారం నుంచి అమలు.

అమ్మ భుజం మీదుగా తొంగిచూసింది. "తేదీ పెన్సిలుతో రాసుకోవే. చెరుపుకోవడం తేలిక."

పెన్సిలుతోనే రాశాను.